చిన్లీ లోయలో కార్తీక వనభోజనం



కార్తీకమాసం రాగానే ఉసిరిచెట్టు నీడ వెదుక్కొని, విస్తళ్ళు పరచి, నలుగురితో కలిసి భోజనం చేయడం మనకు తరతరాల అలవాటు. తెలుగు పండితుడిగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏటా పిల్లలను వెంటబెట్టుకొని ఏ మామిడితోటకో, ఏ ఏటిగట్టుకో వెళ్ళేవాణ్ణి. గత కార్తీకంలో మాత్రం మా దంపతులము అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్సు దగ్గర ఉంటున్న మా అబ్బాయి ఇంట ఉన్నాము. అక్కడ ఉసిరిచెట్టు ఎక్కడ దొరుకుతుంది? "నాన్నగారూ, చెట్టు సంగతి నాకు వదిలేయండి, పులిహోర సంగతి అమ్మ చూసుకొంటుంది" అని మావాడు ఐదారు గంటలు కారు నడిపి మమ్మల్ని చిన్లీ అనే చిన్న ఊరికి తీసుకొని వెళ్ళాడు. ఆ ఊరి తూర్పున మొదలయ్యే ఎర్రరాతి లోయలో, పసుపుపచ్చగా పండిన కాటన్‌వుడ్ చెట్టు కింద మా వనభోజనం జరిగింది. మాకు దారి చూపడానికి నవాహో జాతికి చెందిన ఒక గైడు వచ్చారు. ఆమె చెప్పిన చరిత్రనూ, అది నాలో తవ్వి తీసిన ఒక పాత సంగతినీ మీతో పంచుకోవాలని ఈ టపా.

ఆ లోయ పేరు ఇంగ్లీషులో రాసినదొకటి, పలికేదొకటి. రాతలో 'చెల్లీ' అన్నట్లుంటుంది, పలుకులో 'డి షే' అంటారు. దీని వెనుక ఒక ముచ్చట ఉంది. నవాహో భాషలో ఈ చోటును 'త్సేయీ' అంటారట, అంటే 'రాతి లోపల' అని అర్థం. స్పానిషు వాళ్ళు ఆ మాటను తమ నోటికి అనువుగా మార్చుకొన్నారు, తరువాత ఇంగ్లీషు వాళ్ళు స్పానిషు రాతను ఉంచుకొని పలుకును మార్చారు. మూడు భాషల చేతులు మారిన నాణెం అది. చిన్లీ అన్న ఊరి పేరుకు మాత్రం 'నీరు బయటికి పారే చోటు' అని అర్థమట. నిజంగానే లోయలోని ఏరు అక్కడే బయటికి వస్తుంది.

లోయ ముఖద్వారం దగ్గర గోడలు ముప్పై అడుగుల ఎత్తే ఉంటాయి. లోపలికి పోయేకొద్దీ అవి పెరుగుతూ పోయి, వెయ్యి అడుగుల వరకు నిటారుగా నిలుస్తాయి. ఒకనాటి ఇసుకతిన్నెలు గట్టిపడి రాయి అయితే, ఆ రాతిని నీరు కోసి ఈ లోయను చేసింది. 1931లో అమెరికా ప్రభుత్వం దీనిని జాతీయ స్మారకంగా ప్రకటించింది కాని, నేల మాత్రం నేటికీ నవాహోలదే. కొన్ని కుటుంబాలు ఇప్పటికీ లోయ అడుగున మొక్కజొన్న వేసుకొంటూ, గొర్రెలను మేపుకొంటూ బతుకుతున్నాయి. అందుచేత బయటివాళ్ళు లోయలోకి దిగి తిరగాలంటే సాధారణంగా నవాహో గైడు తోడు ఉండాలి. ఒకరి పెరట్లోకి వెళ్తున్నాము కనుక ఇంటివారి తోడు ఉండడం న్యాయమే అనిపించింది.

మా గైడు యాభై ఏళ్ళ స్త్రీ. ఆమె పేరు ఇక్కడ రాయను. తన జీపులో మమ్మల్ని ఎక్కించుకొనే ముందు ఆమె తమ పద్ధతిలో తన్ను తాను పరిచయం చేసుకొన్నారు. మొదట తల్లి వంశం, తరువాత తండ్రి వంశం, ఆపైన తల్లి తండ్రి వంశం, చివరికి తండ్రి తండ్రి వంశం, ఇలా నాలుగు వంశాల పేర్లు చెప్పారు. నాకు మన ప్రవర గుర్తుకు వచ్చింది. మనలో సగోత్రీకులు పెళ్ళాడనట్లే వారిలోనూ ఒకే వంశం వారు పెళ్ళాడరు. అయితే మనకు గోత్రం తండ్రి నుండి వస్తే, వారికి వంశం తల్లి నుండి వస్తుంది. పేరుకంటె ముందు బంధుత్వం చెప్పుకొనే జాతి అని అప్పుడే అర్థమయింది. నా వయస్సును గౌరవించి ఆమె నన్ను 'చేయ్' అని పిలిచారు. అది తల్లి తండ్రికి వాడే మాటట. మా మనుమరాలు ఊరుకొంటుందా? "కాదండీ, ఈయన మా నాన్నకు నాన్న" అని దిద్దింది. ఆమె నవ్వి, "అయితే నీకు నాలీ" అన్నారు. మనకు అమ్మమ్మ, నాయనమ్మ వేరువేరు మాటలే అయినా తాతలిద్దరినీ ఒకే మాటతో సరిపెట్టుకొంటాము. వారు అక్కడ కూడా తేడా పాటిస్తారు. మాటల మీద జీవితమంతా గడిపిన వాణ్ణి కదా, ఇవి వింటూ ఉంటే ప్రయాణపు అలసట తెలియలేదు.

అంతకు ముందురోజు సాయంత్రం లోయ పై అంచు నుండి 'సాలెపురుగు రాయి'ని చూశాము. సుమారు 800 అడుగుల ఎత్తున, లోయ మధ్యన, దీపస్తంభంలా నిలిచిన శిల. సాలీడమ్మ అనే దేవత దానిపై నివసిస్తుందనీ, నవాహో స్త్రీలకు నేత నేర్పినది ఆమేననీ నమ్మకం. ఆ కథ పూర్తిగా చెప్పమని మా మనుమరాలు అడిగితే, కొన్ని కథలు చలికాలం వచ్చాకనే చెప్పాలని గైడు మృదువుగా తప్పించారు. "చరిత్రకు మాత్రం ఆ నియమం లేదు, అది ఎప్పుడైనా చెప్పవచ్చు" అన్నారు.

జీపు ఇసుకలోనూ, పలుచటి నీటిపాయలోనూ మార్చి మార్చి నడిచింది. కొంతదూరం పోయాక లోయ రెండుగా చీలుతుంది. మేము ఉత్తరపు పాయలోకి మళ్ళాము. రాతిగోడలలోని తొర్రలలో పూర్వపు ప్యూబ్లో ప్రజలు కట్టుకొన్న రాతి ఇళ్ళు పిట్టగూళ్ళలా కనిపిస్తాయి. వాళ్ళు ఏడెనిమిది వందల ఏళ్ళ నాడే ఆ ఇళ్ళను వదిలి వెళ్ళిపోయారు. నవాహోలు ఆ శిథిలాలలోకి అడుగుపెట్టరు, అవి గతించినవారి తావులని వారి భావన. ఒకచోట గోడపై గుఱ్ఱాలెక్కి, టోపీలు పెట్టి, తుపాకులు పట్టిన స్పానిషు సైనికుల బొమ్మలున్నాయి. 1805లో ఆంటోనియో నర్బోనా అనే అధికారి సైన్యంతో ఈ పాయలోకి వచ్చినప్పుడు, స్త్రీలు, పిల్లలు, వృద్ధులు ఎత్తైన ఒక గుహలో దాగుకొన్నారట. సైనికులు కిందినుండీ మీదినుండీ కాల్చి వంద మందికి పైగా చంపారు. చంపినవారిలో అత్యధికులు యోధులని స్పానిషు నివేదిక. ఆ గుహలో యోధులే లేరని నవాహోల మాట. రాసిపెట్టినవాడి మాట గ్రంథాలయానికి ఎక్కింది, రాయనివారి మాట నాలుకమీద నిలిచింది. చరిత్ర చదివేటప్పుడు రెండూ వినాలి.

మధ్యాహ్నమయ్యేసరికి ఒక పెద్ద కాటన్‌వుడ్ చెట్టు కింద జీపు ఆగింది. ఎదురుగా కోటబురుజులా ఒక ఎర్రని కొండ. మా ఆవిడ పులిహోర, పెరుగన్నం, మాగాయ విప్పింది. గైడు తమ ఇంటినుండి నూనెలో వేయించిన రొట్టెలూ, ఎండబెట్టిన పీచుపండ్ల ముక్కలూ తెచ్చారు. ఆ రొట్టె చూడడానికి మన పూరీకి పెద్దన్న. ఆమె పులిహోరను మెచ్చుకొని రెండుసార్లు వడ్డించుకొన్నారు. మాగాయ విషయంలో మాత్రం ఒక్క ముక్కతో మర్యాదగా ఆగిపోయారు. పండు ముక్కలు తీపిగా, కాస్త వగరుగా ఉన్నాయి. "ఈ రొట్టె, ఈ పండు, ఎదురుగా ఉన్న ఆ కొండ, మూడింటిదీ ఒకటే కథ" అని ఆమె మొదలుపెట్టారు.

నేను విన్నదానిని, తరువాత మా అబ్బాయి ఇంట చదివినదానితో కలిపి చెబుతాను.

నవాహోలు తమ్ము తాము 'దినే' అంటారు, అంటే ప్రజలు. మెక్సికోతో యుద్ధం తరువాత ఈ ప్రాంతం అమెరికా చేతికి వచ్చింది. అప్పటికే న్యూమెక్సికో వలసదారులకూ నవాహోలకూ మధ్య పశువులకోసం, బానిసలకోసం పరస్పర దాడులు తరాలుగా సాగుతున్నాయి. దాడులు ఒకవైపునుండే జరిగాయంటే అసత్యమవుతుంది. అయితే జనరల్ జేమ్స్ కార్లటన్ దానికి ఎన్నుకొన్న పరిష్కారం ఒక జాతిని మొత్తంగా నేలనుండి పెకలించడం. నవాహోల నేలలో బంగారం ఉందన్న ఆశ కూడా ఆయనకు ఉండేది. 1863లో ఆ పనిని కిట్ కార్సన్‌కు అప్పగించాడు. కార్సన్‌కు చదవడం రాయడం రాదు కాని, స్పానిషుతోపాటు కొన్ని గిరిజన భాషలు మాట్లాడగలవాడు. ఒకరి భాష వచ్చినంత మాత్రాన వారిపై దయ కలుగుతుందని నమ్మకం లేదన్నమాట.

కార్సన్ పెద్ద యుద్ధాలేమీ చేయలేదు. పంటచేలను తగులబెట్టించాడు, ధాన్యాన్ని పట్టుకొన్నాడు, గొర్రెలను చంపించాడు. 1864 జనవరిలో మంచు పడుతూ ఉండగా సైన్యం ఈ లోయను ఈ చివరనుండి ఆ చివరకు తొక్కింది. అప్పుడు సుమారు మూడు వందల మంది నవాహోలు మా ఎదురుగా ఉన్న ఆ కొండపైకి ఎక్కి దాగుకొన్నారు. ముందుగానే తిండి, కట్టెలు చేరవేసుకొని, చెట్టుమానులను నిచ్చెనలుగా వాడి ఎక్కి, ఆపైన వాటిని పైకి లాగేసుకొన్నారు. తిండి ఉంది, నీరు అయిపోయింది. కిందనేమో ఏటి పక్కనే సైనికుల విడిది. ఒక వెన్నెలరాత్రి యువకులు కొండ అంచునుండి ఒకరి కింద ఒకరుగా గొలుసులా నిలిచి, యక్కా నారతో పేనిన తాళ్ళకు బుఱ్ఱలు కట్టి, నిద్రపోతున్న కాపలావారి తలలమీదుగా ఏటిలోకి వదిలి, చప్పుడు కాకుండా నీరు తోడుకొన్నారు. సైనికులకు తెలియలేదు. చివరికి సైన్యమే విసిగి వెళ్ళిపోయింది. మా గైడు ముత్తవ్వకు తల్లి ఆ కొండమీద ఉన్న పిల్లలలో ఒకతె. "ఆ రాత్రి ఏ పసిబిడ్డ ఏడ్చినా నేను ఉండేదాన్ని కాదు" అన్నారు ఆమె, రొట్టె తుంచుతూ.

అందరికీ అలాంటి కొండ దొరకలేదు. ఆకలికి, చలికి తాళలేక వేలమంది లొంగిపోయారు. ఆ వేసవిలో సైనికులు మళ్ళీ వచ్చి లోయలోని పీచుచెట్లను వేల సంఖ్యలో నరికేశారు. తిరిగి వచ్చినా తినడానికి ఏమీ ఉండకూడదని. లొంగినవారిని జట్లు జట్లుగా న్యూమెక్సికో తూర్పున పేకోస్ నది ఒడ్డునున్న ఫోర్ట్ సమ్నర్‌కు నడిపించారు. దారినిబట్టి మూడు వందల మైళ్ళు, అంతకు మించి కూడా. వెనుకబడిన వృద్ధులను, గర్భిణులను కాల్చివేసిన సంగతులు నవాహో ఇళ్ళలో నేటికీ చెప్పుకొంటారు. కొందరు పెద్దలైతే ఆ చోటి పేరైన 'హ్వేల్ది' అన్న మాటను కూడా ఉచ్చరించరట.

అక్కడ ఎనిమిది వేలకు పైగా జనాన్ని చెట్టూచేమా లేని బయలులో ఉంచారు. నీరు క్షారజలం. మొక్కజొన్న వేస్తే పురుగు తినేసింది. వంటచెరకుకోసం మైళ్ళు నడవాలి. నాలుగేళ్ళలో రెండు వేలమందికి పైగా చనిపోయారు. సర్కారు ఇచ్చిన మైదాపిండి, కొవ్వు, ఉప్పు, వీటితో ఏం చేయాలో తెలియని ఆడవాళ్ళు చేసుకొన్నదే ఈ వేయించిన రొట్టె అంటారు. ఈనాడు పండుగలలో తినే వంటకం అలా చెరలో పుట్టింది.

1868లో సంధికోసం జనరల్ షెర్మన్ వచ్చాడు. నవాహోలను ఇంకా దూరాన ఉన్న ఓక్లహోమా ప్రాంతానికి పంపాలని ఒక ఆలోచన ఉండేది. ఈ లోయ ప్రాంతంలోనే పుట్టిన బార్బన్సితో అనే నాయకుడు తన వారి పక్షాన మాట్లాడి, సొంత నేలకు తప్ప మరెక్కడికీ పోమని తేల్చి చెప్పాడు. జూన్ 1న సంధి కుదిరింది. ఆ నెలలోనే పది మైళ్ళ పొడవైన బారు తీరి జనం ఇంటికి బయలుదేరారు. తమ పవిత్ర పర్వతాలలో ఒకటైన టేలర్ పర్వతం కనబడగానే పెద్దలకు కన్నీరు ఆగలేదట. పెకలించిన జాతిని తిరిగి సొంత నేలకే పంపడం అమెరికా చరిత్రలో అరుదు. సంధి ప్రకారం 15,000 గొర్రెలు, మేకలు ఇచ్చారు. పీచుచెట్లను తామే మళ్ళీ నాటుకొన్నారు. మేము తిన్న ముక్కలు ఆ వంశపు తోటలోనివే. నేడు నవాహో దేశపు వైశాల్యం మూడు రాష్ట్రాలలో కలిపి 27,000 చదరపు మైళ్ళు, అంటే మన తెలంగాణలో సగాన్ని మించినది.

ఇంతవరకు కథ నాకు వీరగాథలాగే వినిపించింది. ఆ సంధిలో ఆరవ షరతు ఒకటి ఉందని ఆమె చెప్పినప్పుడు మాత్రం నేను సర్దుకొని కూర్చున్నాను. ఆరేళ్ళనుండి పదహారేళ్ళ వరకు పిల్లలందరినీ తప్పనిసరిగా బడికి పంపాలి. ప్రతి ముప్పైమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుణ్ణి ఇస్తామని ప్రభుత్వం మాట. ఉపాధ్యాయుడిగా నాకు ఇది మంచిషరతే అనిపించింది, ఆ మాటే అన్నాను. ఆమె కాసేపు ఊరుకొని, "మా అమ్మ బడిలో మా మాట మాట్లాడితే నోట్లో సబ్బు పెట్టి కడిగేవారు" అన్నారు. పిల్లలను ఇళ్ళకు దూరంగా వసతి బడులలో ఉంచి, జుట్టు కత్తిరించి, పేరు మార్చి, భాష మాన్పించేవారు. తల్లి అందుకే తన పిల్లలతో చాలాకాలం ఇంగ్లీషే మాట్లాడిందట. గైడు తన భాషను అమ్మమ్మ దగ్గర నేర్చుకొన్నారు.

ఆ తరువాతి వింత మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. రెండవ ప్రపంచయుద్ధంలో, 1942లో, అమెరికా నౌకాదళపు మెరైన్లు 29 మంది నవాహో యువకులను చేర్చుకొని వారి భాషతోనే రహస్యలిపిని కట్టించారు. యుద్ధట్యాంకుకు 'తాబేలు', చేతిబాంబుకు 'బంగాళాదుంప', జలాంతర్గామికి 'ఇనుప చేప' అని సంకేతాలు. మొత్తం సుమారు నాలుగు వందల మంది ఆ పని చేశారు. జపాను వాళ్ళు దానిని ఛేదించలేకపోయారు. 1968 వరకు ఆ సంగతి రహస్యంగానే ఉంది, 2001లో గాని ఆ తొలి 29 మందికి బంగారు పతకాలు రాలేదు. వారిలో చివరివాడైన చెస్టర్ నెజ్ 2014లో కన్నుమూశాడు. బడిలో ఈ భాష మాట్లాడినందుకే తన నోటిని సబ్బుతో కడిగారని ఆయన తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. 1966లో చిన్లీకి దూరం కాని రఫ్ రాక్‌లో నవాహోలే నడిపే బడి మొదలై, అందులో వారి భాష పాఠమయింది. 1968లో వారి కళాశాల వచ్చింది. 2013లో స్టార్ వార్స్ చలనచిత్రం నవాహో భాషలో పలికింది. అయినా చిన్నపిల్లలలో మాట్లాడేవారు తగ్గుతున్నారని ఆమె దిగులు.

అప్పుడు మా మనుమరాలు నీళ్ళసీసా చూపి, దీన్ని మీ భాషలో ఏమంటారని అడిగింది. "తో" అన్నారు. పిల్ల వేళ్ళు మడుస్తూ "తో, నీళ్ళు, వాటర్" అని లెక్కపెట్టింది. నా నోటినుండి నాకు తెలియకుండానే "ఏర్" అన్న మాట వచ్చింది. అది ఏ భాష అని ఆమె అడిగారు.

చెప్పక తప్పలేదు. ఇది మా ఆవిడకు కూడా అంతవరకు తెలియదు.

1987లో గోదావరి మన్యంలోని ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేసేవాణ్ణి. ఆరవ తరగతిలో కొత్తగా చేరిన ఒక కోయ పిల్లవాడు ఒకనాడు లేచి, "సార్, ఏర్ తాగొస్తా" అన్నాడు. నేను అప్పుడు పురాణకథల జోరులో ఉన్నాను. "ఏరంతా తాగేస్తావా? నువ్వేమైనా అగస్త్యుడివా?" అన్నాను. తరగతి గొల్లుమంది. అంతటితో ఆగక, పలక మీద 'నీరు' అని వందసార్లు రాయించాను. తప్పు దిద్దుతున్నాననే అనుకొన్నాను. ఆనాటినుండి బడి అంతటికీ అతడు అగస్త్యుడే. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఆ ఒక్క మాటకే మానేశాడని అనను. పేదరికం, దూరం, పొలంపని, ఎన్నో ఉంటాయి. కాని మానకుండా ఉండడానికి నేను చేసినది కూడా ఏమీ లేదు.

చాలా ఏళ్ళ తరువాత భాషాశాస్త్ర గ్రంథాలు తిరగేస్తుండగా తెలిసింది, కోయభాషలో నీటిని 'ఏర్' అంటారని. మన బండి ఱ తో రాసే ఏఱూ, వారి ఏరూ ఒకే మూలధాతువు బిడ్డలు. మనకు ప్రవాహం అన్న అర్థం మిగిలింది, వారికి నీరు అన్న అర్థం స్థిరపడింది. ఆ పిల్లవాడు తప్పు మాట్లాడలేదు. నా భాషకు సోదరి అయిన భాషలో, దాహం వేస్తోందని చెప్పాడు. నా దగ్గర సబ్బు లేదు, అంతే తేడా.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతిని తెలుగు భాషాదినంగా జరుపుకొంటాము. నేనూ ఆనాడు ఎన్నో ఉపన్యాసాలిచ్చాను. ఆయన పుట్టినది కూడా 1863లోనే, కార్సన్ ఈ లోయవైపు బయలుదేరిన ఏడే. పర్లాకిమిడి ఉపాధ్యాయుడైన ఆయన సవరల భాష నేర్చుకొని, సవర పిల్లలకు సవరలోనే పాఠాలు చెప్పే బడులు పెట్టించి, 1931లో ఆ భాషకు వ్యాకరణం వెలువరించారు. ఆ సంగతిని ఉపన్యాసంలో ఒక వాక్యంగా చెప్పి దాటిపోయేవాణ్ణి. అందులోనే నాకు కావలసిన పాఠం ఉందని తోచలేదు. 2004 ప్రాంతంలో మన ప్రభుత్వం కోయ, సవర, గోండి మొదలైన భాషలలో ప్రాథమిక వాచకాలు తెచ్చిందని విన్నప్పుడు సంతోషించాను. నా పిల్లవాడికి అప్పటికి ముప్పై ఏళ్ళు దగ్గరపడి ఉంటాయి.

గైడు అంతా విని నన్ను నిందించలేదు, ఓదార్చనూ లేదు. "అతని పేరేమిటి?" అని అడిగారు.

నాకు గుర్తు లేదు. నేను పెట్టిన వెక్కిరింపు పేరు గుర్తుంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు, ఊరు, ఇంటిపేరు, ఏవీ గుర్తు లేవు. పేరు చెప్పే ముందు నాలుగు వంశాలు చెప్పుకొనే మనిషి ఎదుట ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. తల అడ్డంగా ఊపాను. ఆమె తన రొట్టెలోనుండి చిన్న ముక్క తుంచి చెట్టు మొదట పెట్టారు. ఎందుకని నేను అడగలేదు. మా ఆవిడ కూడా ఒక ముద్ద పులిహోర దాని పక్కన ఉంచింది.

తిరుగు దారిలో జీపు ఏటిపాయను దాటుతుంటే మా మనుమరాలు "తాతయ్యా, ఏర్" అని చూపించింది. అవునమ్మా అన్నాను.

మిత్రులారా, మీలో మన్యం ప్రాంతం వారు, కోయభాష తెలిసినవారు ఉంటే నాకు ఆ భాష కొంచెం కొంచెంగా నేర్పండి. ఈ వయస్సులో నాలుక తిరగకపోవచ్చు. తప్పు పలికితే నవ్వండి, పరవాలేదు. నేను రాసినదాంట్లో పొరపాట్లుంటే దిద్దండి.

సెలవు.